మర్చిపొమ్మన్నవాళ్ళకి

జ్ఞాపకాన్ని చెరిపేసే మాత్ర ఒకటుందని ఎవరైనా చెప్పి ఉంటే, పదిహేడేళ్ళ వయసులో నేను దాని ధర కూడా అడిగేవాణ్ణి కాను. వైజాగ్ కంచరపాలెంలో మా వీధి మొదట్లో ఒక ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. అందులో మూల క్యాబిన్ ఖాళీ అయ్యేదాకా కాచుక్కూర్చుని, వచ్చీ రాని ఇంగ్లీషులో అదే ప్రశ్న కొట్టాను: చెడ్డ జ్ఞాపకాలు తీసెయ్యడం ఎలా? 2014 మొదటి నెలల మాట ఇది. ఇప్పటి పిల్లలైతే దుప్పటి ముసుగేసుకుని ఫోన్లో అడుగుతారు, అంతే తేడా.

నేను తీసేయించుకోవాలనుకున్నవి రెండు. ఒకటి నాన్న చావు. రెండోది, నాతో ఇంటర్ చదువుతున్న ఒక కుర్రాడంటే నాకున్న ఇష్టం. ఆ రెండూ ఒకే నెలలో వచ్చి మీద పడ్డాయి. వాటిని విడదీసి చూడ్డం నాకు చేతనయ్యేది కాదు.

ఇన్నేళ్ళ తర్వాత ఇది రాయడానికి కారణం ఒకటే. ఇంట్లో చావు జరిగిన పిల్లాడికి, అందులోనూ తన ఇష్టాల గురించి తనకే అనుమానాలున్న పిల్లాడికి, మనం ఇచ్చే సలహా ఇప్పటికీ మారలేదు. మర్చిపో నాన్నా. చదువు మీద ధ్యాస పెట్టు. అన్నీ అవే సర్దుకుంటాయి. ఆ సలహా తప్పని నా వాదన. ఆ వయసు పిల్లాడు చెరిపెయ్యమని అడిగేది ఎవరికీ చెప్పుకోలేని సంగతిని. ఒక్కరికైనా చెప్పుకోగలిగిన రోజు నుంచీ, అదే సంగతి ఎక్కడ చెదిరిపోతుందోనని కాపలా కాస్తాడు. నాకు జరిగింది అదే.

నాన్న పోర్టులో క్రేన్ ఆపరేటర్. బైలదిల్లా నుంచి రైళ్ళలో వచ్చే ఇనుప ఖనిజం దుమ్ము ఎంత ఉతికినా వదిలేది కాదు. ఆయన చొక్కాలన్నిటికీ కాలర్ లోపలివైపు ఎర్రటి చార ఉండేది. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. రాత్రి షిఫ్టు నుంచి వస్తూ పూర్ణా మార్కెట్లో కూరలు తెచ్చి, అమ్మకి సంచీ ఇచ్చి, నా పుస్తకాల వైపు ఒకసారి చూసి పడుకునేవాడు.

2013 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు 377వ సెక్షన్ మీద తీర్పిచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2009లో మగవాళ్ళ మధ్య ఇష్టపూర్వక సంబంధం నేరం కాదని చెప్పింది కదా, దాన్ని కొట్టేసి మళ్ళీ నేరం చేసింది. ఆ సాయంత్రం టీవీలో అదే వార్త. నాన్న ఇంట్లో ఉన్నాడు. నేను కింద కూర్చుని ఫిజిక్స్ రికార్డు రాసుకుంటున్నాను. ఆ వార్త నా గురించేనని నాకు మాత్రమే తెలుసు. తలెత్తితే నాన్న నా వైపే చూస్తున్నాడు. రిమోట్ చేతిలో ఉంది. తర్వాత టీవీలో పాత పాటలొచ్చాయి. అంతే జరిగింది. ఒక్క మాట లేదు.

సంక్రాంతి ఇంకా రాకముందే ఒక పొద్దున్న షిఫ్టు నుంచి వచ్చి స్నానానికి వెళ్ళి కుప్పకూలిపోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే అయిపోయింది. గుండెపోటన్నారు.

ఇక ఆ చూపుకి అర్థం అడగడానికి మనిషి లేడు. నన్ను చావు ఎంత కోసిందో, అడగలేకపోయిన ఆ ప్రశ్న అంతకన్నా ఎక్కువ కోసింది. నాన్నకి తెలిసిపోయిందా? తెలిసి అసహ్యించుకున్నాడా? ఆ దిగులుతోనే గుండె ఆగిందా? నవ్వకండి, పదిహేడేళ్ళ బుర్ర సరిగ్గా ఇలాంటి లెక్కలే వేస్తుంది. మగవాడు మగవాణ్ణి ఇష్టపడితే తండ్రికి గుండెపోటొస్తుందని ఏ డాక్టరూ రాయలేదు. నేను మాత్రం నా మీద కేసు రాసేసుకున్నాను.

ఆ పదకొండు రోజులూ, నాతో చదువుతున్న ఆ కుర్రాడు మా ఇంట్లోనే ఉన్నాడు. వాడి పేరు రాయను. వాడి కథ చెప్పుకునే హక్కు వాడిది. పొద్దున్నే వచ్చేవాడు, గ్యాస్ బండ మోసేవాడు, ఊళ్ళ నుంచి వచ్చిన ముసలాళ్ళని కాంప్లెక్స్‌లో బస్సెక్కించి వచ్చేవాడు, రాత్రి నా పక్కన చాప వేసుకుని పడుకునేవాడు. ఒక రాత్రి డాబా మీద నేను ఏడుపు ఆపుకోలేక ఒణికిపోతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. తెల్లారేదాకా వదల్లేదు. ఆ పొద్దున్న నాన్నకి పిండం పెట్టిన చెయ్యి అది. ఆ చేతికి ఆ రాత్రి హాయిగా ఉంది. ఇది రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. తండ్రి పోయిన ఇంట్లో, గుండు మీద వెంట్రుక మొలవకముందే, మనసు ఒకరి చేతి కోసం ఎదురుచూడ్డం ఎంత పెద్ద పాపమని అనిపించిందో మాటల్లో పెట్టలేను.

పెద్దకార్యం రోజు ఇంకోటి జరిగింది. పంతులుగారు నాన్న పేరు, తాత పేరు, ముత్తాత పేరు అడిగారు. వసు రూపంలో తండ్రి, రుద్ర రూపంలో తాత, ఆదిత్య రూపంలో ముత్తాత, ఇలా ముగ్గురికీ పేరుపేరునా చెప్పి పెట్టాలి. ముత్తాత పేరు ఎవరికీ తెలీదు. చిన్నాన్న అప్పలస్వామి అన్నాడు. మా నాన్నకి మేనత్త వరసయ్యే ఒకావిడ, "కాదురా, అప్పలరాజు. అప్పలస్వామి మీ తాత తమ్ముడు, ఆడు కలకత్తా ఎల్లిపోనాడు" అంది. కాసేపు తగువు నడిచింది. పంతులుగారు గడియారం చూసుకుంటున్నారు. ఆఖరికి అప్పలరాజు అని ఖాయం చేశారు. నేను నువ్వులూ నీళ్ళూ వదులుతూ వేరే లెక్కలో ఉన్నాను. నాకు పెళ్ళి కాకపోతే ఈ వరస నాతో ఆగిపోతుంది. నాన్న పేరు ఆదిత్య రూపం దాకా వెళ్ళదు. "కొడుకున్నాడు, అదృష్టవంతుడు" అని మూలన కూర్చున్నవాళ్ళు నాన్న గురించి అనుకుంటున్నారు.

మనవాళ్ళ మాటలకీ చేతలకీ పొంతన ఉండదని నాకు అప్పుడే అనిపించింది. చేతల్లో చూస్తే పోయినవాళ్ళని మరవకుండా ఉండడానికి మనకున్నన్ని ఏర్పాట్లు ఇంకెవరికీ లేవేమో. మాసికాలు, సంవత్సరీకం, తద్దినం. మా వైపు సంక్రాంతి అంటేనే పెద్దలకి కొత్తబట్టలు పెట్టుకునే పండగ. మర్చిపోతారేమోనని తిథితో సహా రాసి పెట్టుకున్న జాతి మనది. నోటి మాట మాత్రం మర్చిపొమ్మనే. అందులోనూ మగపిల్లాడికి మరీ. "ఏట్రా ఆడపిల్లలాగ" అనే మాట ఆ పదకొండు రోజుల్లో నేను ఏడ్చినప్పుడల్లా విన్నాను. కాలేజీలో అప్పటికే నన్ను పాయింట్ ఫైవ్ అని పిలిచేవాళ్ళు ఇద్దరు ముగ్గురుండేవాళ్ళు. ఇంట్లో కూడా ఆ మాటకి దగ్గరగా వచ్చేసరికి ఏడుపు మానేశాను. తండ్రి కోసం ఏడిస్తే రెండో గుట్టు బయటపడుతుందన్న భయం. ఇలాంటి పిల్లల దుఃఖంలో ఈ ముడిని పెద్దలెవరూ చూడరు. వాడు ఏడవడం లేదు, గట్టివాడు అనుకుంటారు.

చిన్నాన్నకి మాత్రం అనుమానం వచ్చింది. పదకొండు రోజులయ్యాక కూడా ఆ కుర్రాడు రోజూ రావడం ఆయనకి నచ్చలేదు. నన్ను డాక్టరుకి చూపిద్దామన్నాడు. వైజాగ్‌లో పెరిగినవాళ్ళకి చినవాల్తేరు అనేది తిట్టుగా కూడా తెలుసు. ప్రభుత్వ మానసిక వైద్యశాల అక్కడే ఉంది కాబట్టి, కొంచెం తేడాగా మాట్లాడితే చాలు, "చినవాల్తేరు పంపాలి ఈడ్ని" అంటారు. అసలైన సైకియాట్రిస్టులు ఉన్న చోటు పరువు తక్కువ అయిపోయింది కాబట్టి, చిన్నాన్న నన్ను ఒక బోర్డు దగ్గరకి తీసుకెళ్ళాడు. హిప్నాటిజం, జ్ఞాపకశక్తి, మద్యపానం మాన్పించుట, సెక్స్ సమస్యలు, స్టేజి ఫియర్, అన్నీ ఒకే బోర్డు మీద. జ్ఞాపకశక్తి పెంచేవాడే తగ్గించడం కూడా చేస్తాడన్నమాట.

ఏసీ గది. గోడకి చక్రాల బొమ్మ. ఆయన నన్ను వాలుకుర్చీలో పడుకోబెట్టి, కళ్ళు మూసుకోమని, "నీ ముందు ఒక పలక ఉంది. నిన్ను బాధపెడుతున్నదంతా దాని మీద రాయి. ఇప్పుడు తడిగుడ్డతో తుడిచెయ్యి" అన్నాడు. నాకు భయమేసింది. నాన్న పేరు రాస్తే నిజంగానే తుడుచుకుపోతుందేమో! వాడి పేరు రాస్తే ఈయనకి కనిపిస్తుందేమో! అందుకని పలక మీద బెంజీన్ రింగు గీసి, నైట్రేషన్ రియాక్షన్ రాసి, శుభ్రంగా తుడిచేశాను. ఆ చాప్టరు మాత్రం పరీక్షకి మళ్ళీ చదువుకోవలసొచ్చింది. తండ్రి మీద బెంగా, ఆ "అలవాటూ" రెండూ కొన్ని సిట్టింగుల్లో పోతాయని ఆయన చిన్నాన్నకి హామీ ఇచ్చాడు. సిట్టింగుకి తీసుకునే ఫీజు విని చిన్నాన్నే వెనక్కి తగ్గాడు. ఆ ఫీజుకి నేను రుణపడి ఉన్నాను.

ఇప్పుడు పరిస్థితి కొంత మారింది, చెప్పుకోవాలి. స్వలింగ ఇష్టాన్ని జబ్బుల జాబితా నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మేలోనే తీసేసింది. మన దేశపు మానసిక వైద్యుల సంఘం ఇది జబ్బు కాదని 2018లో బహిరంగంగా చెప్పింది. 2017లో చేసిన మానసిక ఆరోగ్య చట్టం ఒక మంచి మాట రాసుకుంది: ఊళ్ళో చెల్లుబాటయ్యే నీతులకీ ఆచారాలకీ ఒదగలేదన్న కారణంతో ఎవరికీ మానసిక రోగం అంటగట్టకూడదు. మద్రాసు హైకోర్టులో 2021లో మొదలైన కేసు పుణ్యమా అని, ఇష్టాలని "మార్చే" చికిత్స వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందకి వస్తుందని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్ళకి రాసింది. రిజిస్టరైన డాక్టరు అలా చేస్తే ఫిర్యాదు చెయ్యొచ్చు. నన్ను పలక తుడవమన్నాయన డాక్టరు కాదు, కాబట్టి కౌన్సిలు చెయ్యి ఆయన దాకా చాచలేదు. ఆ బోర్డులు ఇంకా ఉన్నాయి. అర్హత అడగండి. అడిగితే తడబడేవాళ్ళ దగ్గర పిల్లల్ని వదలొద్దు. ఆసుపత్రి గుమ్మం ఎక్కడానికి మొహమాటమైతే 14416కి ఫోన్ చెయ్యొచ్చు. టెలీ మానస్ అని ప్రభుత్వం 2022 అక్టోబర్లో పెట్టింది, డబ్బులు అక్కర్లేదు, అర్ధరాత్రైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. మరుపు కావాలనే కోరిక ఒక్కోసారి నేనే లేకుండా పోతే బాగుండు అనే వైపు తిరుగుతుంది. నాకూ అటు తిరిగిన రాత్రులున్నాయి. అలాంటి రాత్రి చెయ్యాల్సిన ఫోన్ అది. ఫోన్ చేసే ఓపిక లేకపోతే పక్క గదిలో వాళ్ళని నిద్రలేపండి, తిట్టినా సరే.

చిన్నాన్న ఒక్కడే కాదు, చదువుకున్నవాళ్ళు కూడా ఒక సిద్ధాంతం చెప్తారు. తండ్రి లేని లోటు వల్ల పిల్లాడు మగవాడి ఆసరా కోసం వెతుక్కుంటాడు, అదే ఇలా బయటపడుతుంది అని. వినడానికి ఎంత పొందిగ్గా ఉంటుందో! నేనూ దాన్ని నమ్మడానికి చాలా ప్రయత్నించాను, ఎందుకంటే అది నిజమైతే దుఃఖం తగ్గగానే ఇదీ తగ్గిపోవాలి. తేదీలు మాత్రం ఒప్పుకోలేదు. తొమ్మిదో తరగతిలో కబడ్డీ జట్టు కెప్టెన్ కనిపిస్తే నాకు నోరు ఎండిపోయేది. అప్పటికి నాన్న నిక్షేపంలా ఉన్నాడు, పోర్టులో ఓవర్‌టైమ్ చేస్తున్నాడు. తండ్రి పోయిన పిల్లలు మన వీధుల్లో ఎంతమంది లేరు? వాళ్ళలో అత్యధికులు అమ్మాయిల వెంటే పడ్డారు కదా.

అయితే ఒక సంగతి ఒప్పుకోవాలి. దుఃఖంలో ఉన్నప్పుడు ఇష్టానికీ ఆసరాకీ తేడా తెలియదు. ఆ డాబా మీద నాకు తెలియలేదు. తెలియకపోతే కొంపేం మునగదు. ఎంసెట్ లాగా దీనికి ఆఖరు తేదీ లేదు. ఎవరైనా పిల్లాడు "నేను గేనో కాదో తెలీడం లేదు" అంటే, తెలీదు అన్న జవాబునే జవాబుగా కొన్నాళ్ళు ఉండనివ్వొచ్చు. వాణ్ణి తేల్చుకోమని తొందరపెట్టేవాళ్ళు రెండు వైపులా ఉంటారు. కాదనిపించాలని చూసే బంధువులు ఒక వైపు, ఔనని బోర్డు పెట్టుకోమనే ఉత్సాహవంతులైన స్నేహితులు ఇంకో వైపు. ఇద్దరి తొందరా నాకు ఒకేలా చికాకు.

ఇక మాత్ర సంగతి. ఇంటర్నెట్ సెంటర్లో నాకు దొరికినవి కట్టుకథలు కావు. 2000లో కరీం నాదర్, గ్లెన్ షాఫే, జోసెఫ్ లెడూ అనే శాస్త్రవేత్తలు ఎలుకల మీద ఒక ప్రయోగం చేశారు. ఒక శబ్దం వినిపించి కాలికి షాక్ ఇస్తే, ఎలుక ఆ తర్వాత శబ్దం వినగానే కొయ్యబారిపోతుంది. ఆ భయం బాగా పాతుకున్నాక, శబ్దం మళ్ళీ ఒకసారి వినిపించి, వెంటనే మెదడులో అమిగ్డలా అనే చోట కొత్త ప్రొటీన్లు తయారుకాకుండా ఆపే మందు ఎక్కించారు. తర్వాత ఆ శబ్దానికి ఎలుక భయపడలేదు. శబ్దం గుర్తుచెయ్యకుండా ఊరికే మందు ఎక్కించిన ఎలుకలకి భయం అలాగే ఉంది. జ్ఞాపకాన్ని బయటికి తీసిన ప్రతిసారీ అది కాసేపు మెత్తబడి, మళ్ళీ గట్టిపడుతుందని దానివల్ల తెలిసింది. మెత్తగా ఉన్నప్పుడు దాన్ని మార్చొచ్చు.

మనుషుల మీద ప్రొప్రనోలోల్ అనే మాత్రతో ఇలాంటివి చేసి చూశారు. రక్తపోటుకీ, మైగ్రేన్‌కీ మన మెడికల్ షాపుల్లో దొరికే పాత మాత్రే. ఫలితాలు అన్ని చోట్లా ఒకేలా రాలేదు. వచ్చిన చోట కూడా జరిగిన సంగతి చెరిగిపోదు, దాని కాటు తగ్గుతుంది. తండ్రి పోయాడని గుర్తుంటుంది, గుర్తొచ్చినప్పుడు గుండె దడ తగ్గుతుంది. అదీ డాక్టరు దగ్గర కూర్చుని, జరిగింది వివరంగా తలుచుకుని చెప్తూ చెయ్యాల్సిన పని. సొంతంగా కొని మింగేది కాదు. ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఆ మాత్ర ప్రాణం మీదకి తేగలదు. ఇందులో వింత చూశారా? ఆ చికిత్సకి కూడా మొదటి మెట్టు చెప్పుకోవడమే.

ఊరికే తోసిపుచ్చడం ఎంత ఉపయోగమో 1987లో డేనియల్ వెగ్నర్ చూపించాడు. తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దని మనుషులకి చెప్పాడు. వాళ్ళకి అదే గుర్తొచ్చింది, వద్దన్న గడువు దాటాక ఇంకా ఎక్కువ గుర్తొచ్చింది. మర్చిపొమ్మని నాకు చెప్పిన ప్రతి పెద్దమనిషీ నాకొక ఎలుగుబంటిని అప్పజెప్పి వెళ్ళాడు.

నిజంగా మరుపు వస్తే ఎలా ఉంటుందో తెలిసిన మనిషి ఒకాయన ఉండేవాడు. అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే ఆయనకి 1953లో, 27 ఏళ్ళ వయసులో, మూర్ఛలు తగ్గించడానికి మెదడు రెండువైపులా హిప్పోకాంపస్ భాగాన్ని కోసి తీసేశారు. అప్పటి నుంచి 2008లో పోయేదాకా కొత్త జ్ఞాపకం దాదాపు ఏదీ నిలబడలేదు. తండ్రి పోయాక ఆ సంగతి గుర్తుండక, నాన్న చనిపోయాడని ఒక కాగితం ముక్క మీద రాసుకుని పర్సులో పెట్టుకున్నాడట. ఇది నేను చాలా ఏళ్ళ తర్వాత చదివాను. దుఃఖం లేకుండా బతకొచ్చని నేను ఏ మరుపుని కోరుకున్నానో, అది ఉన్నవాడు చీటీ రాసుకుని మరీ దుఃఖాన్ని పర్సులో పెట్టుకున్నాడు.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. 2020 మే 7 తెల్లవారుజామున మా వైజాగ్‌లోనే ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకై జనం నిద్రలోంచి లేచి పరిగెత్తి రోడ్ల మీద పడిపోయారు. పన్నెండు మంది పోయారు. అలాంటి రాత్రిని చూసినవాళ్ళకి నిద్ర పట్టకపోతే, ఆ భయాన్ని తగ్గించే వైద్యం ఏదైనా సరే తీసుకోవడం వాళ్ళ హక్కు. జ్ఞాపకం పవిత్రమైనది, దాచుకోండి అని వాళ్ళకి చెప్పడానికి నేనెవర్ని? దాడికి గురైన ఆడపిల్లలకీ అంతే. దుఃఖం కూడా ఒక్కోసారి వైద్యం కావలసినంత ముదురుతుంది. పిల్లల్లో ఆరు నెలలు దాటినా రోజువారీ పని ఏదీ సాగనివ్వనంతగా పట్టి ఉంటే దాన్ని విడిగా గుర్తించాలని అమెరికా మానసిక వైద్యుల గ్రంథం 2022లో చేర్చింది. కాటు తగ్గించుకోవడానికి నేను వ్యతిరేకం కాదు. పిల్లాడి బాధలో ఏ ముక్క తీసెయ్యాలో చిన్నాన్నలు నిర్ణయించడానికి వ్యతిరేకం. మా చిన్నాన్నకి నా దుఃఖంతో పేచీ లేదు. ఆయన తుడిపించాలనుకున్నది ఆ కుర్రాణ్ణి. ఆ కుర్రాణ్ణి తుడిస్తే ఆ పదకొండు రోజులు పోతాయి, ఆ రోజులు పోతే నాన్నని సాగనంపిన రోజులే పోతాయి. నా తలలో అవి వేరువేరు అరల్లో లేవు.

ఆ 2014లోనే అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. వైజాగ్ వాళ్ళకి దాని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. గంటకి 180 కిలోమీటర్ల గాలి, విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోయింది, కైలాసగిరి బోడిగుండైంది. మేము అద్దెకున్న పై వాటా రేకులు లేచిపోయి వాన మొత్తం బీరువా మీద పడింది. మర్నాడు చూస్తే నాన్న ఫోటోల ఆల్బమ్ ముద్దయిపోయింది. కరెంటు లేదు, కుళాయి లేదు, పాల ప్యాకెట్ కోసం జనం కొట్టుకుంటున్నారు. అమ్మ మాత్రం వాననీళ్ళు పట్టిన టబ్బు ముందేసుకుని కూర్చుంది. ఒకదానికొకటి అతుక్కుపోయిన ఫోటోలని లాగితే రంగు ఊడొస్తుంది. నీళ్ళలో నాననిచ్చి, మూల దగ్గర గోరుతో కొంచెం లేపి, ఊపిరి బిగబట్టి విడదీయాలి. నేనూ కూర్చున్నాను. విడదీసినవాటిని బట్టల తాడుకి క్లిప్పులు పెట్టి ఆరేశాం. కొన్నిటిలో నాన్న మొహం కాస్తా ఎదుటి ఫోటో వెనక్కి అంటుకుపోయి, ఆ చోట పసుపు మచ్చ మిగిలింది. ఒకటి పారేయబోతుంటే అమ్మ పట్టుకుంది. "మొహం పోతే పోనీ. చొక్కా ఉంది కదా, ఉండనీ" అంది.

అదే ఏడు జనవరిలో ఇదంతా చెరిపేసే మాత్ర కోసం వెతికినవాణ్ణి, ఆ మధ్యాహ్నం రెండు ఫోటోల మధ్య గోరు పెట్టి నాన్న చెవి ఊడిపోకుండా చూసుకుంటున్నాను. ఆ టబ్బు ముందు అమ్మతో నాన్న గురించి ఎంత మాట్లాడానో, చనిపోయిన దగ్గర్నుంచీ అంత మాట్లాడలేదు. ఏ ఫోటో ఎక్కడిది, ఆ చొక్కా ఎవరు కుట్టారు, భీమిలిలో నాన్న చెప్పు సముద్రంలో కొట్టుకుపోతే ఒంటిచెప్పుతో ఇంటికొచ్చిన రోజు. మళ్ళీ ఆ సెంటర్‌కి ఆ ప్రశ్న అడగడానికి వెళ్ళలేదు. రెండో సంగతి అప్పటికీ నోట్లోనే ఉంది, అది వేరే విషయం.

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377లో ఆ భాగాన్ని కొట్టేసింది. నేను అప్పటికి బెంగళూరులో ఉద్యోగం. జస్టిస్ ఇందూ మల్హోత్రా తన తీర్పులో, చరిత్ర వీళ్ళకీ వీళ్ళ కుటుంబాలకీ క్షమాపణ బాకీ పడిందని రాశారు. కుటుంబాలకీ అన్న దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. రిమోట్ పట్టుకుని నా వైపు చూసిన మనిషికి కూడా బాకీ ఉందా?

ఆ చూపు అప్పటికి బాగా పెరిగిపోయింది. మొదట్లో అది ఒక చూపే. తలుచుకున్న ప్రతిసారీ కొంచెం సాగింది, కొంచెం గట్టిపడింది. ఇంజినీరింగ్ రోజులకి అది ఛీత్కారం అయిపోయింది. బెంగళూరులో, నా వయసు పెరిగి, షిఫ్టు ఉద్యోగంలో అలసట అంటే ఏమిటో తెలిశాక, అదే చూపు అలసిన మనిషి చూపులా కనిపించడం మొదలెట్టింది. ఎలుకల ప్రయోగం చెప్పింది ఇదేనని నా అనుమానం. అసలు ఎంతసేపు చూశాడో, చూశాడో లేదో, ఇప్పుడు ఒట్టేసి చెప్పలేను. పదిహేడేళ్ళప్పుడు మాత్ర దొరికి ఉంటే ఆ జ్ఞాపకం మారే అవకాశమే ఉండేది కాదు.

కిందటి సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు, పెద్దలకి బట్టలు పెట్టడం అయ్యాక, అమ్మని అడిగేశాను. ఆ తీర్పొచ్చిన సాయంత్రం, నాన్న ఛానల్ మార్చాడు, గుర్తుందా అని. అమ్మ తీర్పు గుర్తులేదంది. తర్వాత కాసేపాగి, "ఆయనెక్కడ మారుస్తారు? ఆ రిమోట్ ఆయన చేతిలో ఎప్పుడూ పనిచేసేది కాదు, బ్యాటరీలు వదులు. టీవీ కింద మీట నొక్కి నేనే మార్చేదాన్ని. సాయంత్రం పాటలొచ్చేవి కదా" అంది.

నేను ఏమీ అనకపోయేసరికి, ఎందుకడిగావంది. చెప్పాను. మొత్తం చెప్పాను. అమ్మ అరిసెలు డబ్బాలో సర్దుతూ విన్నది. చాలాసేపు మూత సరిగ్గా పట్టలేదు. అది డబ్బా తప్పో చేతి తప్పో తెలీదు. ఆవిడ అడిగింది ఒక్కటే.

"అప్పుడు మనింట్లో ఉన్నాడు, ఆ పిల్లాడా?"

"అప్పుడు. ఇప్పుడు కాదులే అమ్మా."

"మంచి పిల్లాడు. వంకాయ తినేవాడు కాదు. నేను తెలీక రెండుపూటలా అదే పెట్టాను" అంది.

ఆ తర్వాత మేం దాని గురించి ఎక్కువ మాట్లాడుకోలేదు. ఆవిడకి ఇంకా అర్థం కానివి ఉన్నాయి, అడగడానికి టైము తీసుకుంటోంది. చిన్నాన్నకి మాత్రం చెప్పలేదు, చెప్పే ఉద్దేశం కూడా లేదు. పెళ్ళి సంబంధాల గురించి నెలకోసారి ఫోన్ చేస్తాడు. వంట వచ్చా, జీతమెంత అని అవతలివాళ్ళు అడుగుతున్నారంటాడు. నేను జీతం తగ్గించి చెప్తున్నాను.